పాల గోళీలు

అనిత దినాలు ముగిసిన మర్నాడు పొద్దున, వనపర్తిలో పుట్టింటి అరుగు మీద మాధవి సంచి పక్కన పెట్టుకుని కూర్చుంది. గద్వాల బస్సుకు ఇంకా టైముంది. తల్లి రామేశ్వరమ్మ లోపలినుంచి పసివాణ్ణి తెచ్చి ఆమె ఒళ్లో పెట్టింది.

"జర పట్టుకో బిడ్డా. పాలు కాగవెట్టుకొని వస్త."

వాడికి నెల కూడా నిండలేదు. ఒళ్లోకి రాగానే మొహం అటూ ఇటూ తిప్పి, చీర మీదినుంచే పెద్దమ్మ రొమ్ము వెతుక్కున్నాడు. గుడ్డ నోటికి తగిలితే చీకి చూశాడు. ఏమీ రాకపోయేసరికి ముక్కు చిట్లించి మళ్లీ వెతికాడు. చెల్లెలి శవాన్ని ఎత్తుతున్నప్పుడు కూడా రాని ఏడుపు మాధవికి అప్పుడు ముంచుకొచ్చింది.

అనిత ఆమెకంటే నాలుగేళ్లు చిన్న. పెబ్బేరులో సెల్‌ఫోన్లు బాగుచేసే మల్లేష్‌కు ఇచ్చి చేశారు. తొలి కాన్పుకని పుట్టింటికి వచ్చింది. కాన్పు సుఖంగానే అయింది. పిల్లవాడు బొద్దుగా పుట్టాడు, పాలు పుష్కలంగా పడ్డాయి. ఒక పొద్దున దిండు పక్కనున్న ఫోన్ గట్టిగా మోగేసరికి అనిత ఉలిక్కిపడి లేచింది. ఉయ్యాల వైపు ఒక్క అడుగు వేసి నిలువునా కూలిపోయింది. దవాఖానకు చేర్చేసరికి ప్రాణం లేదు. గుండె ఆగిందన్నారు. ఆ వయసు పిల్లకు గుండె ఎందుకు ఆగుతుందో ఎవరినడగాలో ఆ ఇంట్లో ఎవరికీ తెలియలేదు. బాలింతకు గాలి సోకిందని ఒకరు, రక్తం తక్కువైందని ఇంకొకరు అనుకున్నారు. ఆ తర్వాత అందరూ పసివాడి ఆకలిలో పడిపోయారు.

ఆవుపాలు పోస్తే విరేచనాలు పట్టుకున్నాయి. డబ్బాపాలు సగం తాగి సగం కక్కుతున్నాడు. దినాల రోజున మల్లేష్ తల్లి అందరి ముందూ ఒక మాట అన్నది. "డబ్బాపాలే అయితే మా ఇంట్ల నేను పోస్త. మా మనుమడు మా కాడ ఉంటడు. తల్లిపాలు పట్టేటోళ్లు ఉంటే చెప్పుండ్రి, అప్పుడు వేరే సంగతి." ఆమె చెడ్డ మనిషి కాదు. కానీ మోకాళ్లు పట్టేసి గోడ పట్టుకుని నడుస్తుంది, ఒక కంటికి శుక్లం కమ్మింది. ఆ చేతుల్లో ఈ పిల్లవాడు ఎట్లా పెరుగుతాడన్నది మాధవికి రెండు రోజులుగా నిద్ర పట్టనివ్వని ఆలోచన.

రామేశ్వరమ్మ పాలగిన్నెతో వచ్చి, కూతురి ఏడుపు చూసి పక్కనే కూలబడింది.

"నీ బిడ్డకు పాలు మాన్పి ఎన్ని నెలలైంది?"

"దసరాకు మాన్పిన. ఎందుకమ్మా?"

"మా మేనత్త తన మనుమరాలికి పాలిచ్చింది. కోడలు పోతే, వట్టి రొమ్మే చీకించింది. చీకంగ చీకంగ పాలు పడ్డయట. నాకు చిన్నప్పుడు చెప్తుండె." ఆమె పాలగిన్నె కింద పెట్టింది. "నిన్ను బలిమి చేస్తలేను బిడ్డా. వాడట్ల వెతుకుతుంటే సూడలేక అంటున్న."

మాధవి సంచి తల్లి చేతికిచ్చి, పిల్లవాడి గుడ్డలు కూడా అందులో పెట్టమన్నది.

గద్వాలలో వాళ్ల ఇంట్లో ముందుగది అంతా మగ్గమే. భర్త అరుణ్ గుంటలో కాళ్లు పెట్టి నేస్తున్నవాడల్లా, గుమ్మంలో భార్య చేతుల్లో పసివాణ్ణి చూసి మగ్గం ఆపాడు. గుంటలోంచి లేచి వచ్చి వాడి మొహంలోకి చూశాడు. అతనికెప్పుడూ మాట బయటికి రావడానికి టైము పడుతుంది.

"మంచిపని చేసినవు" అన్నాడు చివరికి. "పాపకు మాత్రం నువ్వే చెప్పు."

పాపకు మూడో ఏడు నడుస్తోంది. అమ్మ ఒళ్లో ఇంకొకరిని చూసి రోజంతా మూతి ముడుచుకుని, సాయంత్రానికి తన గిలక్కాయ తెచ్చి వాడి పొట్ట మీద పెట్టింది.

మొదటి రోజుల్లో పాల జాడే లేదు. మాధవి మగ్గానికి కండెలు చుట్టే పని పక్కనపెట్టి, గంటగంటకూ వాణ్ణి రొమ్ముకు వేసుకునేది. వాడు నాలుగు గుక్కలు లాగి, ఏమీ రాకపోతే ఎర్రబడి ఏడ్చేవాడు. డబ్బాపాలు చెంచాతో పోసి ఊరుకోబెట్టేది. ఒకరోజు పిండి చూస్తే మొన మీద ఒక తెల్లటి చుక్క నిలిచింది. అంత చిన్న చుక్కను చూసి అరుణ్‌ను కేకేసింది. అతను పేకదారం చేతిలో పట్టుకునే వచ్చి వంగి చూశాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. అయితే వారం తిరిగినా చుక్క చుక్కగానే ఉంది. పెబ్బేరునుంచి మల్లేష్ తల్లి ఫోన్ చేసినప్పుడల్లా, పాలు పడుతున్నాయా అని అడుగుతుంటే, పడుతున్నాయత్తా అని మాధవి అబద్ధం ఆడేది.

ఎదురింటి ఈరమ్మ అది విన్నది. ఈరమ్మ రాయచూరు వైపునుంచి కోడలిగా వచ్చింది. ఆ వాడలో ఎవరింట్లో కాన్పైనా, జ్వరమైనా పిలవకుండానే వచ్చి నిలబడే మనిషి.

"గట్ల ఏడ్సుకుంట కూసుంటె పాలు పడ్తయా? మా బిడ్డ సుష్మితకు కాన్పైనప్పుడు ఒక గోళీ రాసిచ్చిండ్రు. నాలుగు దినాలల్ల పాలు ధారగట్టినయి. రవిక తడిసిపోతుండె పిల్లకు."

"ఏం గోళీ అక్కా?"

"వాంతులకిచ్చే గోళీనే అంట. దానికి పాలు గూడ పడ్తయి. ఖాళీ పట్టీ ఇంట్ల ఉన్నట్టుంది, దేవులాడి తెస్త."

సాయంత్రం ఈరమ్మ ఆ ఖాళీ పట్టీ పట్టుకుని తానే మందుల షాపుకు పోయింది. షాపతను పేరు చదివి, పక్క డబ్బాలోంచి అదే మందు తీసిచ్చాడు. ఎవరికని అడగలేదు, చీటీ అడగలేదు. డోంపెరిడోన్ అని సన్నటి అక్షరాలతో రాసి ఉంది. పూటకొకటి వేసుకోమని ఈరమ్మ చెప్పింది.

నిజంగానే నాలుగైదు రోజుల్లో రొమ్ములు బరువెక్కాయి. ఒక మధ్యాహ్నం వాడు తాగుతూ తాగుతూ గుటక వేశాడు. మాధవి ఊపిరి బిగబట్టి విన్నది. మళ్లీ గుటక. మూతి చివరినుంచి తెల్లటి పాలు కారి ఆమె మోచేతి మీదికి వచ్చాయి. కూతురికి పాలిచ్చిన రోజుల్లో ఇదంతా ఆమెకు మామూలు సంగతి. ఇప్పుడు మాత్రం, చెల్లెలికి కబురు చెప్పాలన్నంత ఆత్రం కలిగింది. ఆమె వింటున్నట్టే "తాగుతున్నడే అనితా" అని పైకే అనేసింది.

ఆ ఆదివారం మల్లేష్ వచ్చాడు. గడ్డం పెరిగి, చొక్కా వదులై మనిషి సగమయ్యాడు. వాకిట్లోనే నిలబడి, లోపలినుంచి వినిపించే గుటకల చప్పుడు వింటూ తల వంచుకున్నాడు. పోయేముందు, "వదినా, మా అమ్మకు చెప్తలే. నీ కాడనే ఉండనీ" అన్నాడు. మాధవికి ఆ మాట చాలు.

పిల్లవాడు పెరుగుతున్నాడు, ఆకలీ పెరుగుతోంది. మళ్లీ పాలు చాలనట్టు అనిపించింది. ఒకటి వేసుకుంటే ఇన్ని పడితే, రెండు వేసుకుంటే ఇంకా పడతాయి కదా అనుకుంది. పూటకు రెండు మొదలుపెట్టింది. పట్టీ అయిపోగానే ఇంకొకటి తెప్పించుకునేది. వద్దనడానికి ఈ మందు ఆమెకు ఇచ్చిన డాక్టరంటూ ఎవరూ లేరు.

కొద్దిరోజులకు గుండెలో ఏదో తేడా తెలిసింది. అరుణ్ మగ్గం చప్పుడు ఆమె చెవికి అలవాటు. దెబ్బ మీద దెబ్బగా పోటు పడే వరుస తప్పితే, లోపల ఏ పనిలో ఉన్నా తెలుస్తుంది. ఇప్పుడు తన ఛాతీలో అట్లాగే ఒక పోటు తప్పుతోంది. ఒక క్షణం ఏమీ లేనట్టుండి, వెంటనే రెండు మూడు పోట్లు గబగబా పడుతున్నాయి. ఒకసారి మెట్లెక్కుతుంటే కళ్ల ముందు మసకబారింది. గోడ పట్టుకుని నిలబడింది. అది పోయింది.

ఎవరికీ చెప్పలేదు. చెబితే అరుణ్ గోళీలు మాన్పిస్తాడు. గోళీలు మానితే పాలు మానతాయి. పాలు మానితే పిల్లవాడు పెబ్బేరు పోతాడు. ఈ వరుసను ఆమె మనసులో ఎన్నిసార్లు తిప్పుకున్నా చివరికి అక్కడికే వచ్చి ఆగేది. నిద్ర లేకనే ఇట్లా ఉందని తనకు తానే చెప్పుకుంది.

ఆ తర్వాత పిల్లవాడి నాలుక మీద తెల్లటి పొర కట్టింది. ఆమె రొమ్ము మొనలు పగిలి, వాడు నోట పెడితే నిప్పు తగిలినట్టు మండసాగాయి. అరుణ్ షాపుకు పోయి అడిగితే, పిల్లవాడి నోట్లో వేయడానికి చుక్కలు, ఆమెకు మింగడానికి ఒక గోళీ ఇచ్చారు. పాలకు వేరే గోళీలు వాడుతోందని అరుణ్ చెప్పలేదు. ఎన్ని వాడుతోందో అతనికే తెలియదు. మాధవి అన్నం తిని, అవీ ఇవీ కలిపి మింగింది.

మర్నాడు పదకొండింటి వేళ పిల్లవాణ్ణి ఉయ్యాలలో వేసి, వంటింటి వైపు తిరిగింది. పాప గిన్నెల బల్ల మీదికి ఎక్కబోయి స్టీలు బిందె లాగింది. బండల మీద అది పడ్డ చప్పుడు ఇల్లంతా మోగింది. మాధవి ఉలిక్కిపడింది. ఛాతీలో ఏదో రెక్కలు కొట్టుకున్నట్టు అయింది. పాప భయపడి ఏడవబోతున్న మొహం ఒక్కటే కనిపించింది. తర్వాత ఏమీ కనిపించలేదు.

కళ్లు తెరిచేసరికి మొహమంతా నీళ్లు. అరుణ్ ఆమె తల తొడ మీద పెట్టుకుని, "మాధవీ, మాధవీ" అంటున్నాడు. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి వాడంతా వినబడేట్టు అరుస్తున్నాడు. ఈరమ్మ పసివాణ్ణి ఒక చంకన, పాపను ఒక చంకన వేసుకుని గుమ్మంలో నిలబడి ఆటో కోసం కేకేస్తోంది.

సర్కారు దవాఖానలో ఒక డాక్టరమ్మ చూసింది. చిన్న వయసే. కళ్ల కింద నల్లగా ఉంది, ముందురోజు నుంచి ఇంటికి పోయినట్టు లేదు. బీపీ చూస్తూ, ఏమైనా మందులు వాడుతున్నావా అని అడిగింది.

"ఏం లేవు మేడం" అన్నాడు అరుణ్. "నిన్న ఒక్కటి, పుండుకని." పాల గోళీలు కూడా మందేనని అతనికి తట్టలేదు.

మాధవి పైకప్పు వైపు చూస్తూ పడుకుంది. డాక్టరమ్మ పాలతో తడిసిన రవిక చూసి, అరుణ్‌ను నీళ్లు తెమ్మని బయటికి పంపి, స్టూలు మంచం దగ్గరికి లాక్కుంది.

"పిల్లవాడికి నీ పాలేనా?"

"మా చెల్లెలి కొడుకు మేడం. చెల్లె పోయింది. నేనే పాలిస్తున్న."

"మరి పాలెట్లా వచ్చాయి?"

గద్దించి అడిగి ఉంటే చెప్పేది కాదేమో. ఆమె నెమ్మదిగా అడిగింది. మాధవి అంతా చెప్పేసింది. ఎన్ని వేసుకుంటోందో, ఎప్పుడు రెట్టింపు చేసిందో, గుండెలో పోటు తప్పడం, గోడ పట్టుకోవడం, అంతా. చెబుతుంటే కన్నీళ్లు చెవుల్లోకి కారాయి.

ఛాతీకి తీగలు అంటించి ఈసీజీ తీశారు. కాగితం బయటికి వస్తుంటే డాక్టరమ్మ దాన్ని చేత్తో పట్టుకుని చూసి, ఇంకోసారి తీయమన్నది. రెండో కాగితం చూసి నర్సుకు ఏదో చెప్పింది. సెలైన్ పెట్టారు, పక్కన గుండె గీతలు కనిపించే యంత్రం పెట్టారు. తర్వాత అరుణ్‌ను లోపలికి పిలిచింది.

"గుండె ఒకసారి కొట్టుకున్నాక, మళ్లీ కొట్టుకోవడానికి సర్దుకోవాలి. ఈమె గుండెకు అది చాలా ఆలస్యమవుతోంది. ఆ మధ్యలో లయ తప్పితే మనిషి పడిపోతారు. ఒక్కోసారి మళ్లీ లేవరు." ఆమె మాధవి కొంగు ముడిలోంచి తీసిచ్చిన గోళీల పట్టీ తిప్పి చూసింది. "ఇది చెడ్డ మందు కాదు. వాంతులకు మేమూ రాస్తాం. పాలు తక్కువైన తల్లులకు కొందరు డాక్టర్లు రాస్తారు కూడా. కానీ గుండె సంగతి, ఇంట్లోవాళ్ల గుండె సంగతి అడగకుండా ఇవ్వకూడదు. ఇంత మోతాదు అసలే వేసుకోకూడదు. పుండుకిచ్చిన గోళీ కూడా గుండెను ఇట్లాగే చేస్తుంది. పైగా ఈ మందును ఒంట్లోంచి పోనివ్వదు. రెండూ కలిశాయి."

"గోళీలు ఆపితే తక్కువైతదా మేడం?" అరుణ్ అడిగాడు.

"కొంత తగ్గుతుంది. కానీ గోళీల వల్లనే ఇంత అయిందని నాకనిపించట్లేదు." ఆమె మాధవి వైపు తిరిగింది. "చెల్లెలు ఎట్లా పోయిందన్నావు?"

మాధవి చెప్పింది. ఫోన్ మోగడం దగ్గరికి వచ్చేసరికి డాక్టరమ్మ చేతిలోని పెన్ను ఆగింది. "ఈరోజు నువ్వు పడినప్పుడు ఏం జరుగుతోంది?" అని అడిగింది. అరుణ్ బిందె సంగతి చెప్పాడు. డాక్టరమ్మ రెండూ పక్కపక్కన రాసుకుంది.

డాక్టరమ్మ చెప్పగా అరుణ్ వనపర్తికి ఫోన్ చేశాడు. ఇంట్లో ఎవరైనా చిన్నప్పటినుంచి ఉన్నట్టుండి పడిపోవడం ఉందా అని రామేశ్వరమ్మను అడిగాడు.

"అనిత పడుతుండె" అన్నది ఆమె. "బడిల గంట కొడితే రెండుసార్లు పడిపోయింది. అన్నం సక్కగ తినదు గదా, నీరసమనుకున్నం. దీపావళి పటాకులకు గూడ ఒకసారి... ఎందుకయ్యా? మాధవికేమైంది?"

ఆ సాయంత్రమే అంబులెన్సులో మహబూబ్‌నగర్‌కు, అక్కడినుంచి హైదరాబాదుకు పంపారు. పెద్ద దవాఖానలో గుండె డాక్టర్లు అన్ని పరీక్షలూ చేసి, ఇది పుట్టుకతో వచ్చేదే, వంశంలో ఉంటుందన్నారు. అనిత కూడా దీనివల్లనే పోయి ఉండొచ్చు, ఇప్పుడు కచ్చితంగా చెప్పలేమన్నారు. గుండె నెమ్మదిగా కొట్టుకునేలా ఒక మందు రాశారు. అది జీవితాంతం వాడాలి. ఆ మందు వేసుకుంటూ పాలివ్వొచ్చు. పాలు పడటానికి వేసుకున్న గోళీ మాత్రం ఇక ముట్టుకోవద్దన్నారు. ఇంట్లో అందరికీ ఈసీజీ తీయించమన్నారు. పిల్లలిద్దరికీ ముందు.

వార్డు నుంచి పంపేటప్పుడు పెద్ద డాక్టరు ఇంకో మాట చెప్పాడు. అంత మోతాదు మందు మామూలుగా కొద్దికొద్దిగా తగ్గించి మానాలి. గుండె కోసం దీన్ని ఒక్కసారే ఆపాల్సి వచ్చింది, కాబట్టి కొన్నాళ్లు మనసు బాగుండకపోవచ్చు, నిద్ర పట్టకపోవచ్చు, భయంగా ఉండొచ్చు, అప్పుడు ఒంటరిగా ఉండనివ్వొద్దు, వెంటనే తీసుకురండి అన్నాడు.

ఆ మాట చెప్పకపోయుంటే మాధవి ఏమైపోయేదో. ఇంటికి వచ్చిన రెండో రోజు నుంచే చేతులు వణకడం మొదలైంది. పిల్లవాడు ఏడిస్తే గుండె గొంతులోకి వచ్చేది. రొమ్ములు మళ్లీ వదులయ్యాయి. వాణ్ణి ఎత్తుకుంటే పడేస్తానేమోనని భయం, ఎత్తుకోకపోతే ఎవరో తీసుకుపోతారని భయం. కూర్చున్నచోటే కూర్చుని చీర కుచ్చిళ్లు పిండుకునేది. ఒకరోజు తల్లితో, "అనిత బదులు నేను పోవాల్సింది. నా పిల్ల పాలు మానింది గద" అన్నది. మామూలు మాట చెప్పినట్టు చెప్పింది.

రామేశ్వరమ్మ అప్పటికే వనపర్తి ఇంటికి తాళం వేసి వచ్చేసింది. ఆ మాటకు ఆమె ఏడవలేదు. కూతురి చేతులు తన చేతుల్లోకి తీసుకుని, వణుకు ఆగేదాకా పట్టుకున్నది.

"నేను నిన్ను బలిమి చేస్తలేనని అన్న. కానీ చేసినట్టే గద బిడ్డా. వాణ్ణి తెచ్చి నీ ఒళ్లె పెట్టినప్పుడే చేసిన."

"నువ్వు పెట్టకపోయినా నేనే తీసుకుంటుంటి అమ్మా."

"గోళీలు ఎక్కువేసుకున్నవని, గుండె దడ వస్తుందని నాకన్న చెప్పకపోతివి."

"చెప్తె వాడు పోతుండె."

"నువ్వు పోతే?" అన్నది రామేశ్వరమ్మ. "ఒక్కదాన్ని తీసుకపోయి పెట్టొచ్చిన. ఇంకొక్కదాన్ని గూడ..."

మాధవి తల్లి ఒళ్లో తల పెట్టుకుని, అనిత పోయిన తర్వాత మొదటిసారి గట్టిగా, చాలాసేపు ఏడ్చింది. అరుణ్ ఆ రోజు మగ్గం ఎక్కలేదు. పిల్లలిద్దరినీ తీసుకుని కోట దగ్గర గుడికి పోయి, పొద్దు గుంకినాక వచ్చాడు. మర్నాడు ఆమెను డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాడు. ఆమె కూర్చోబెట్టి మాట్లాడింది, ఇది మందు ఆపడం వల్ల వచ్చింది, తగ్గుతుందని చెప్పింది, రెండు మూడు రోజులకోసారి రమ్మన్నది. మూడు వారాలు పట్టింది. ఒక పొద్దున మాధవికి టీ రుచిగా అనిపించింది. ఆ సంగతి చెబితే రామేశ్వరమ్మ ఇంకో గ్లాసు పోసుకొచ్చింది.

ఆ మధ్యలోనే పిల్లల ఈసీజీలు వచ్చాయి. పాపకు ఏమీ లేదు. పసివాడికి ఉంది.

మల్లేష్ తన తల్లితో కలిసి వచ్చిన రోజున మాధవి పిల్లవాడి బట్టలు ముందే మడిచి పెట్టింది. పాలు లేవని వాళ్లకు తెలుసు. ఇక అడగడానికి ఏమీ మిగల్లేదు. పెద్దావిడ గోడ పట్టుకుంటూ లోపలికి వచ్చి, మంచం మీద కూర్చుని, ఆ బట్టల మూటను చేత్తో తడిమి చూసింది.

"ఇవి ఎందుకు కట్టినవు?"

"పాలు లేవత్తా. నేను... మీకు అబద్ధం చెప్పిన. మొదట్ల గూడ లేకుండె."

"మల్లేష్ చెప్పిండు అంతా." ఆమె శుక్లం కమ్మిన కన్ను తుడుచుకుంది. "నేనేందో నోటికొచ్చినట్టు అన్న. పాలుంటేనే ఉంచుకొమ్మన్న. నా మాటకు నువ్వు పానం మీదికి తెచ్చుకుంటివి. కోడలు పోయె, నువ్వు గూడ పోతే ఈ పిల్లగాడు పెద్దగయినంక నన్నేమంటడు?"

మల్లేష్ అప్పటిదాకా ఇంట్లో ఉన్న ఫోన్లన్నీ తీసి ఒక్కొక్కటీ చప్పుడు రాకుండా సర్దుతున్నాడు. గుండెకు ఉలికిపాటు మంచిది కాదని డాక్టరు చెప్పింది అతని మనసులో పడిపోయింది. ఆఖరి ఫోన్ బల్ల మీద పెట్టి అన్నాడు.

"వదినా, వానికి దినాం మూడుపూటలు మందు పొయ్యాలెనంట. ఒక్కపూట మర్చిపోవద్దంట. మా అమ్మకు గోళీ రంగు గూడ కనవడదు. నేను పొద్దుగాల దుకాణం తెరిస్తె రాత్రికొస్త. పాలు ఎవరన్న పోస్తరు. వాని ఊపిరి కనిపెట్టుకోని ఉండేటోళ్లు కావాలె." అతను అరుణ్ వైపు చూశాడు. "అన్నా, మీకు బరువైతే చెప్పుండ్రి."

అరుణ్ లేచి ఆ మూట విప్పి, బట్టలు మళ్లీ దండెం మీద వేశాడు.

డాక్టరమ్మ ఒక నర్సును పిలిచి మాధవికి ఒక పద్ధతి నేర్పించింది. సన్నటి గొట్టం ఒక కొస గిన్నెలోని డబ్బాపాలలో, ఇంకో కొస రొమ్ము మొన దగ్గర. వాడు రొమ్ము చీకితే గిన్నెలో పాలు నోట్లోకి వస్తాయి. మొదటిసారి గొట్టం జారిపోయి పాలన్నీ చీర మీద పడ్డాయి. పాప పగలబడి నవ్వింది. నాలుగోరోజుకు వాడికి, ఆమెకు కూడా అలవాటైంది. చీకుతుంటే ఆమెవి కూడా కొద్దిగా పడసాగాయి. పూటకు చారెడు ఉంటాయేమో. ఎన్ని పడుతున్నాయని ఎవరూ అడగలేదు. ఆమె కూడా పిండి చూసుకోవడం మానేసింది.

ఈరమ్మ మాత్రం మాధవి పడిపోయిన రోజునుంచి ఆ గుమ్మం తొక్కలేదు. వాకిట్లో ముగ్గేస్తూ ఎదురుపడితే తల తిప్పుకునేది. ఒక సాయంత్రం మాధవే వీధి దాటి వాళ్లింటికి పోయింది. ఈరమ్మ జొన్నపిండి కలుపుతున్న చేతులతోనే లేచి నిలబడింది.

"నా మొహం సూడకు చెల్లె. నేనే తెచ్చిచ్చిన."

"సుష్మితకు మంచిగైంది, నాకు గూడ మంచిగైతదని తెచ్చినవు. నా గుండె సంగతి నాకే తెల్వకపాయె, నీకెట్ల తెలుస్తది అక్కా?"

"తెల్వనిది ఇయ్యొద్దు గదనే" అని ఈరమ్మ పిండి చేతుల్తోనే మొహం కప్పుకుంది.

మాధవి ఆమె చేతులు మొహం మీదినుంచి తీసింది. తప్పేమీ లేదని అనలేకపోయింది. "రెండు చేసింది నేనే అక్కా. నువ్వు ఒక్కటే అన్నవు" అన్నది. తర్వాత పొయ్యి మీద పెనం కాలిపోతోందని తానే దించి, ఇద్దరూ కూర్చుని రొట్టెలు చేసుకున్నారు. సుష్మితకు ఇప్పుడు రెండో కాన్పు దగ్గరపడింది. ఈసారి పాలు చాలకపోతే ఎవరినీ అడగకుండా దవాఖానకే తీసుకుపోతానని ఈరమ్మ చెప్పింది. ముందు ఆ గుండె కాగితం తీయిస్తానన్నది.

ఎండాకాలం వచ్చేసరికి పిల్లవాడు బోర్లపడి, పాకి, మగ్గం గుంటలోకి తొంగిచూడటం మొదలుపెట్టాడు. అరుణ్ గుంట చుట్టూ పలకలు కొట్టాడు. ఆదివారం ఆదివారం పెబ్బేరునుంచి తండ్రి, నాయనమ్మ వస్తారు. ఆ ఆదివారం మధ్యాహ్నం మందు తానే పోస్తానని మల్లేష్ పట్టుబట్టాడు. గోళీని నీళ్లలో కరిగించి, సూది లేని సిరంజితో లాగి, వాడి బుగ్గ లోపలికి వదిలాడు. వాడు రెండు క్షణాలు ఆలోచించి, మొహమంతా ముడిచి, సగం మందు తండ్రి చొక్కా మీద ఉమ్మేశాడు.

"అరెరె, పోయింది" అన్నాడు మల్లేష్ పరేషాన్‌గా. ఇంకో గోళీ కోసం పట్టీ అందుకున్నాడు. "మళ్ల ఒకటి పొయ్యాల్నా వదినా? సగమన్న?"

"పోయరాదూ, మందు లోపటికి పోవాలె గద" అన్నది మంచం మీదినుంచి నాయనమ్మ.

"వద్దు, ఆగు." మాధవి పట్టీ అతని చేతిలోంచి తీసుకుంది. "లోపటికి ఎంత పోయిందో మనకేం తెల్సు."

పిల్లవాణ్ణి చంకన వేసుకుని, చొక్కా తుడుచుకొమ్మని మల్లేష్‌కు గుడ్డ విసిరి, డాక్టరమ్మకు ఫోన్ కలిపింది.